సావిడి అమ్ముడైన ఏడాది

మొన్న ఉదయం తోటకూర కాడలు తుంచుకుంటూ కూర్చున్నప్పుడు ఫోను టింగుమంది. తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని చూస్తే, "మీరు లేని లోటు మాకు తెలుస్తోంది, మీ పాఠక మిత్రులు మీ కోసం ఎదురుచూస్తున్నారు" అని ఒక సందేశం, దాని కింద బరువు తగ్గడం ఎలాగో చెప్పే పుస్తకం అట్టబొమ్మ ఒకటీ, తొందరగా ధనవంతులు కావడం గురించి ఇంకొకటీ ఉన్నాయి. పంపింది మనిషి కాదని నాకు తెలుసు. అయినా ఆ మిత్రులు అనే మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. ఒక మాట రాసి కనబడిందంటే దాని వెనక రాసిన మనిషి ఒకరుంటారని నమ్మి పెరిగిన కాలం మనది, ఆ అలవాటు అంత తేలిగ్గా పోదు. ఆ మిత్రులు ఒకప్పుడు నిజంగానే ఉండేవారు, నిజంగానే ఎదురుచూసేవారు, అది చెప్పుకుందామనే ఇవాళ కూర్చున్నాను.

మాది ఒడిశాలోని బరంపురం. మా అత్తవారికి గేట్ బజారులో తరాల నాటి బట్టల కొట్టు. మా వారు మాత్రం కొట్టు తమ్ముడికి వదిలేసి బ్యాంకు ఉద్యోగంలో చేరారు, నేను తెలుగు బడిలో పిల్లలకు తెలుగు చెప్పాను. కూరగాయల బేరం ఒడియాలో ఆడి, ఇంటికొచ్చి తెలుగులో అలిగే మనుషులం మేమంతా. ఈ జిల్లాలో పుట్టి, ఇక్కడే ఉంటూ, ఎవరూ అడక్కపోయినా తెలుగులో ఏదో ఒకటి రాసుకునేవాళ్ళు చాలామంది ఉన్నారని, వాళ్ళ రాతలు అచ్చు వేస్తే బాగుంటుందని మా వారు జీవితమంతా అంటూనే ఉన్నారు గాని, రిటైరైన కొద్ది కాలానికే పోయారు. తరువాత నాకూ బడి అయిపోయింది. ఇల్లు మరీ చప్పుడు లేకుండా అయిపోయింది. ఆ పని నేనే ఎందుకు మొదలుపెట్టకూడదనిపించింది.

మా మరిదిని అడిగితే కొట్టు మీది గది ఇచ్చాడు. "గది నీదే వదినా, నాకేటి అడ్డం లేదు. కానీ సీరలుండే సోట పుస్తకాలు పెడితే ఎలకలు పండగ సేసుకుంటాయి, ముందే సెప్తన్నాను" అన్నాడు. ఆ గదిలోకి వెళ్ళాలంటే కొట్టులో చాపల మీద పరిచిన పట్టుచీరలను దాటి, గంజి వాసన వేసే కొత్త పంచెల కట్టల మధ్య నుంచి ఇరుకు మెట్లెక్కాలి. మొదటి పుస్తకాలు వచ్చిన రోజున ఆ మెట్ల మీదే కూర్చుని కొత్త కాగితం వాసన చూసుకుని, మా వారు ఉంటే ఏమనేవారో అనుకుని కాస్త ఏడ్చాను కూడా.

అచ్చు వెయ్యడం తేలికే, చదివేవాళ్ళ చేతికి అందించడమే కష్టమని ఆ తరువాత తెలిసింది. ఆంధ్ర వైపు పుస్తకాల దుకాణాలకు పంపితే, ఒడిశాలో తెలుగు పుస్తకమేమిటన్నట్టు కట్ట విప్పకుండానే తిప్పి పంపేవారు. ఇక్కడి దుకాణాలలో ఒడియా పుస్తకాలు, బడి పుస్తకాలు తప్ప వేరేవి పెట్టరు. పెళ్ళిళ్ళకు వెళ్ళినప్పుడు సంచిలో పెట్టుకుని వెళ్ళి, భోజనాలయ్యాక ఎవరైనా అడిగితే బాగుండునని కూర్చునేదాన్ని. మా మరిది నన్ను చూసి జాలిపడి, "సీర కొనేవోలు ముట్టుకుని, మడత ఇప్పి, పక్కనున్నోలని ఎలాగుందని అడిగి గానీ కొనరు వదినా. నీ పుస్తకం ఎలాగుందో సెప్పే పక్కనున్నోలు ఎవరు?" అన్నాడు. ఆ మాట సరైనదే.

ఆ పక్కనున్నవాళ్ళను నాకు తెచ్చిపెట్టింది నా దగ్గర చదువుకున్న అమ్మాయి. వాళ్ళ నాన్నగారికి భంజనగర్‌లో నీటిపారుదల ఆఫీసులో ఉద్యోగం. ఈ అమ్మాయి బరంపురంలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంది. పాఠం చెబుతుంటే మధ్యలో లేచి, ఈ కథ ముగింపు నాకు నచ్చలేదు టీచర్ అనగల పిల్ల. పెద్దదై బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటూ, ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి తెలుగు చదివేవాళ్ళ కోసం ఇంటర్నెట్టులో ఒక చోటు ఏర్పాటు చేసింది. ఎవరైనా రావచ్చు, చదివిన పుస్తకం గురించి నాలుగు మాటలు రాయవచ్చు, ఎదుటివాళ్ళు రాసినదానికి బదులివ్వవచ్చు, ఫలానాది ఎక్కడ దొరుకుతుందని అడగవచ్చు. అక్కడ అమ్మకం లేదు, ప్రకటనలు లేవు. దానికి సావిడి అని పేరు పెట్టింది. నేను ఫోను చేసి, తెలుగు టీచరు దగ్గర చదువుకుని చావడిని సావిడి అని రాస్తావేమిటే అంటే, "మనింట్లో అలాగే అంటాం కద టీచర్" అంది.

సావిడి గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. పొద్దున్న కాఫీ తాగుతూ తెరిచేసరికి అక్కడ ఖరగ్‌పూర్‌లో రైల్వే నుంచి రిటైరైన పెద్దాయన ఎవరి పుస్తకాన్నో ఎండగడుతూ ఉండేవారు, జంషెడ్‌పూర్ గృహిణి ఒకావిడ ఆయనతో మర్యాదగా పోట్లాడుతూ ఉండేది, సూరత్ మగ్గాల మిల్లులో పనిచేసే మా గంజాం జిల్లా కుర్రవాడు ఒకతను షిఫ్టు దిగి వచ్చి, నాకు పెద్ద పుస్తకాలు చదివే ఓపిక లేదు, చిన్నవి చెప్పండి అని అడిగేవాడు. ఎవరి ముఖం ఎవరికీ తెలియదు. కాని ఎవరికి ఏడుపు కథలు నచ్చవో, ఎవరు ముందు చివరి పేజీ చూస్తారో అందరికీ తెలుసు. నేను అచ్చు వేసిన ఒక చిన్న పుస్తకాన్ని ఆ సూరత్ కుర్రవాడు చదివి, ఇందులో మా ఊరుంది అని ఒక్క ముక్క రాశాడు. అది చూసి పుస్తకం పంపమని అడిగేవాళ్ళు ఎక్కువై, కొన్నాళ్ళు నేను పోస్టాఫీసుకు, మా గదికి మధ్య తిరుగుతూనే ఉన్నాను. మా మరిది కూడా కొట్టు కట్టేవేళ మెట్లెక్కి వచ్చి, "ఇయాల ఏ ఊరు ఎల్లింది వదినా పుస్తకం?" అని అడిగేవాడు.

ఆ రోజులలోనే మా జిల్లా సముద్రపు ఒడ్డున ఉన్న రామయ్యపట్నం మేష్టారి పుస్తకం వేశాను. ఆయన సముద్రం మీద బతికే కుటుంబంలో పుట్టి, చదువుకుని, సొంత ఊరి బడిలోనే పిల్లలకు అక్షరాలు దిద్దించి రిటైరయ్యారు. చిన్నప్పుడు వాళ్ళమ్మ, మేనత్తలు చేపలు ఎండబెట్టుకుంటూ చెప్పుకున్న కబుర్లన్నీ వాళ్ళ మాటలలోనే, ఒక్క అక్షరం దిద్దకుండా రాసుకొచ్చారు. ఎర్ర సిరాతో అలాంటి మాటలు కొట్టేసి జీతం తీసుకున్న నాకు మొదటి రెండు పేజీలు కొంచెం కష్టమైంది. మూడో పేజీకి ఆ ఆడవాళ్ళు నా ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంది. సావిడిలో జనం దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఎప్పుడూ దేన్నీ మెచ్చుకోని ఖరగ్‌పూర్ పెద్దాయన కూడా, మా అమ్మ గొంతు మళ్ళీ విన్నాను అని రాశారు.

మేష్టారి దగ్గర మామూలు ఫోనే తప్ప బొమ్మలు కనబడే ఫోను లేదు. అందుకని ఎవరేమన్నదీ నేను కాగితం మీద రాసుకుని, వీలైనప్పుడు బస్సెక్కి రామయ్యపట్నం వెళ్ళి ఆయనకు చదివి వినిపించేదాన్ని. బడి అరుగు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని వినేవారు. మెచ్చుకున్న మాటలు ఊరికే తల ఊపి వదిలేసి, తప్పు పట్టిన చోట మాత్రం, "అది మళ్ళీ ఒకసారి సదవండి టీచరమ్మా" అనేవారు. ఒకావిడ, ఇందులో మగవాళ్ళు మరీ మంచివాళ్ళుగా ఉన్నారు అని రాస్తే చాలాసేపు నవ్వుకుని, ఆ మాట నిజమేనన్నారు. రెండో పుస్తకం ఆ నవ్వులోంచే పుట్టిందని నేను అనుకుంటాను. చేపల వేటకు వెళ్ళి తిరిగిరాని మగవాళ్ళ గురించి, తాగి వచ్చిన మగవాళ్ళ గురించి, వాళ్ళను భరించిన ఆడవాళ్ళ గురించి రాశారు. మొదటిదానికన్నా చాలా మంచి పుస్తకం. సావిడిలో వాళ్ళంతా ఎప్పుడొస్తుందని అడుగుతూనే ఉన్నారు కాబట్టి, ఎప్పుడూ లేనిది ఈసారి ఎక్కువ ప్రతులే వేయించాను.

పుస్తకాలు ప్రెస్సు నుంచి ఇంకా రాలేదు. వాన పడుతున్న ఒక మధ్యాహ్నం భంజనగర్ అమ్మాయి చెప్పాపెట్టకుండా మెట్లెక్కి వచ్చింది. మనిషి చిక్కిపోయి ఉంది. కూర్చోమంటే కూర్చుంది. తలవంచుకుని చెప్పింది.

"సావిడి ఇచ్చీసాం టీచర్."

ఎవరికని అడిగాను. పుస్తకాలమ్మే పెద్ద కంపెనీ ఒకటి వచ్చి అడిగిందట. స్నేహితురాళ్ళలో ఒకామె దేశం మారిపోయింది, ఇంకొకామెకు చంటిపిల్ల. వచ్చే జనం పెరిగిన కొద్దీ ఖర్చూ పెరిగింది, తగాదాలూ పెరిగాయి, అంతా ఈ పిల్ల ఒక్కతే ఆఫీసు పని అయ్యాక చూసుకుంటోంది. "పొద్దున్న లేచి ముందు ఎవరెవరో రాసిన తిట్లు తుడుస్తాను టీచర్, తరవాతే మొహం కడుక్కుంటాను. నావల్ల కావట్లేదు" అంది. ఏదీ మారదని వాళ్ళు మాటిచ్చారట, ఉద్యోగమిచ్చి తెలుగు వరకు ఈమెనే చూసుకోమన్నారట. నాకు భయం కంటే ముందు జాలి కలిగింది. ఇన్నాళ్ళూ ఆ వాకిలి ఊడ్చింది ఎవరని నేనెప్పుడు ఆలోచించాను గనక. మంచి పనే చేశావు, నువ్వు కాస్త నిద్రపో అన్నాను.

ఆ అమ్మాయి వెళ్ళాక మా మరిదికి చెబితే, చేతిలో చీర మడత పెడుతూనే అన్నాడు, "సరుకమ్మేవోడు సంత ఎందుకు కొంతాడు వదినా? తన సరుకు ముందర పెట్టుకోడానికే గదేటి." అన్నింటినీ కొట్టు లెక్కలోనే చూస్తాడని విసుక్కున్నాను.

మొదట పేరు మారింది. ఒక రోజు తెరిచేసరికి సావిడి లేదు, దాని చోట తెలుగు అక్షరాలలో రాసిన ఇంగ్లీషు పేరు ఉంది, మొన్న నా ఫోనుకు వచ్చిన సందేశం కింద ఉన్నదీ ఆ పేరే. పేరుదేముంది అనుకున్నాం. తరువాత, ఎవరు ఆఖరున మాట్లాడితే వాళ్ళ మాట పైన కనబడే పద్ధతి పోయి, ఎవరికి ఏది చూపించాలో యంత్రం తేల్చే పద్ధతి వచ్చింది. మేష్టారి రెండో పుస్తకం వచ్చిందని నేను రాసిన కబురు, ఎప్పుడెప్పుడని అడిగినవాళ్ళకే కనబడలేదు. ప్రచురణ చేసేవాళ్ళ మాట వ్యాపార ప్రకటన కిందికి వస్తుందట, ప్రకటన కనబడాలంటే డబ్బు కట్టాలట. ఆ కంపెనీ సొంతంగా వేసుకున్న పుస్తకాలు మాత్రం ఎటు తిప్పినా ఎదురయ్యేవి. అప్పుడు మా మరిది మీద విసుక్కున్నందుకు సిగ్గుపడ్డాను.

ఇదంతా ఒక ఎత్తు. ఒక రోజు మేష్టారి పుస్తకం పేరు కింద, అక్షరదోషాలు ఎక్కువగా ఉన్న పుస్తకం అని ఎర్రటి గుర్తు పడింది. నమూనాగా పెట్టిన పేజీలు యంత్రం చదివిందట. సెప్పు తప్పు, ఎల్లు తప్పు, ఏటి తప్పు. ఇవి దోషాలు కావు బాబూ, ఇది మనుషులు మాట్లాడే తెలుగు, మా జిల్లాలో ఇప్పటికీ ఇలాగే మాట్లాడతారు అని నేను వివరంగా రాశాను. పంపిన మరుక్షణమే, మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని వచ్చింది. ఇంకొకసారి, ఇంకా వివరంగా, ఉదాహరణలతో రాశాను. అదే జవాబు, అంతే వేగంగా వచ్చింది. ఎదుటి మనిషి కసురుకుంటే కోపమైనా వస్తుంది. ఇక్కడ కోపం తెచ్చుకోవడానికి కూడా ఎవరూ లేరు.

భంజనగర్ అమ్మాయి లోపల ఉండి చేయగలిగినదంతా చేసింది. ఆ ఎర్ర గుర్తు తీయించడానికి ఎవరెవరినో అడిగింది. వాళ్ళలో తెలుగు వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరట. గుర్తు ఉంటే నష్టమేమిటి, పుస్తకాన్ని సరిదిద్ది మళ్ళీ పెట్టమనండి అన్నారట.

పుస్తకాలు వచ్చి చాలా రోజులైనా నేను రామయ్యపట్నం వెళ్ళలేకపోయాను, చేతిలో చదివి వినిపించడానికి కాగితం లేదు. ఇక బాగుండదని ఒకనాడు బస్సెక్కాను. మేష్టారు ఎప్పటిలాగే అరుగు తుడిచి, తాటాకు చాప వేసి కూర్చున్నారు. కుశలప్రశ్నలయ్యాక అడిగారు.

"ఈసారి ఏటన్నారు టీచరమ్మా?"

ఎవరూ ఏమీ అనలేదండీ అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. పుస్తకం వచ్చిన సంగతే వాళ్ళకు తెలియలేదని, ఆ చోటు ఎవరో కొనుక్కున్నారని, ఇప్పుడు మన మాట అక్కడ వినబడదని నాకు చేతనైనట్టు చెప్పాను. ఎర్ర గుర్తు సంగతి చెప్పకూడదనుకున్నాను గాని, చివరికి అదీ చెప్పాను.

"బాగోలేదన్నా పరవాలేదండి, అంటే వింతాను. ఏటీ అనకపోతే ఎలాగ?" అన్నారు. మళ్ళీ కాసేపటికి, "నానేటైనా తప్పు రాసీసినానేటి?" అని మెల్లగా అడిగారు.

ఆ ప్రశ్న నేను ఇంతవరకు మరిచిపోలేదు. తప్పు మీది కాదండీ అని ఎన్ని విధాల చెప్పినా, బడిపంతులుగా బతికిన మనిషికి తన రాత కింద ఎర్ర గుర్తు పడిందంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. తిరుగు బస్సు ఎక్కించడానికి రోడ్డు దాకా వచ్చారు. దారిలో పుస్తకం ఊసు ఎత్తలేదు, వర్షాలు సరిగా లేవని మాట్లాడారు.

పాత పుస్తకాలు పంపినప్పటి చిరునామాలు కొన్ని నా దగ్గర ఉండేవి. వాళ్ళందరికీ ఉత్తరాలు రాశాను. జంషెడ్‌పూర్ ఆవిడ వెంటనే పుస్తకం తెప్పించుకుని, నాలుగు పేజీల ఉత్తరం రాసింది. అది పట్టుకెళ్ళి మేష్టారికి చదివితే ముఖం కాస్త తేరుకుంది. సూరత్ కుర్రవాడు గది మారిపోయినట్టున్నాడు, ఉత్తరం తిరిగొచ్చింది. ఖరగ్‌పూర్ పెద్దాయన ఎప్పుడూ తన కొడుకు ఆఫీసు చిరునామాకే తెప్పించుకునేవారు, అక్కడి నుంచి ఏ కబురూ లేదు. తెలిసిన కొద్దిమందికి పుస్తకం చేరింది గాని, వాళ్ళు ఇంకొకరితో చెప్పే చోటు లేదు కాబట్టి అక్కడితో ఆగిపోయింది. ఒకరి మాట విని ఇంకొకరు చదివి, వాళ్ళతో పేచీ పడడానికి మూడో మనిషి చదివితేనే మా వంటివాళ్ళ పుస్తకం ఊరు దాటేది.

ఆ మరుసటి వేసవికి సావిడిలో పాత సంభాషణలన్నీ తీసేశారు. స్థలం సర్దుతున్నామని ఒక చిన్న ప్రకటన, అంతే. పెద్దాయన ఎండగట్టినవీ, జంషెడ్‌పూర్ ఆవిడ పోట్లాటలూ, ఇందులో మా ఊరుంది అన్న ఆ ఒక్క ముక్కా, అన్నీ పోయాయి. భంజనగర్ అమ్మాయి ఆ కంపెనీలో ఉద్యోగం మానేసి తిన్నగా మా ఇంటికి వచ్చింది. ఎండన పడి వచ్చిన పిల్లకు పఖాళలో, అదే నీళ్ళు పోసిన చద్దన్నంలో, పెరుగు కలిపి, వడియాలు వేయించి పెట్టాను. తింటూ తింటూ, "అమ్మింది నానే కద టీచర్" అంది. బెంగళూరులో ఇన్నేళ్ళుండీ ఆ వేళ నోట మేనత్త ఇంటి మాటే వచ్చింది. నేను ఇంకాస్త అన్నం వడ్డించాను.

ఆ తరువాత నేను కొత్త పుస్తకం వెయ్యలేదు. వెయ్యకూడదని ఒట్టు పెట్టుకోలేదు, ఈ ఏడాది కాదు, పైయేడాది చూద్దాం అనుకుంటూ ఏళ్ళు గడిచాయి. మా మరిది పెళ్ళిళ్ళ సీజనులో కాసిని చీరల కట్టలు పైన పెట్టుకోవచ్చా అని మొహమాటంగా అడిగాడు, పెట్టుకోమన్నాను. ఇప్పుడు గదిలో సగం పైగా చీరలే. మేష్టారిని మూడో పుస్తకం సంగతి ఒకసారి అడిగాను. "రాయడం మానీసినాను టీచరమ్మా. వలల కాడ కూకుని సెప్తాను, వినేవోలు వింతారు" అన్నారు. అందులో నిష్ఠూరమేమీ లేదు. మంచిదే అన్నాను గాని, ఆ మాటలు విననివాళ్ళు ఎంతమందో కదా అని మనసులో గుచ్చుకుంది.

ఈ మధ్య బంధువుల పెళ్ళికి వచ్చి భంజనగర్ అమ్మాయి నన్ను చూసి వెళ్ళింది. ఆమెకూ తల కొంచెం నెరిసింది. మళ్ళీ చిన్నగా ఏదైనా మొదలుపెడదామా టీచర్, ఈసారి ఎవరికీ ఇవ్వను అంది. నువ్వు మొదలుపెట్టు, మొదటిరోజే వచ్చి కూర్చుంటాను, అచ్చు వేసే ఓపిక మాత్రం నాకు లేదమ్మా అన్నాను. సరే అంది గాని, ఆమెకూ ఓపిక లేదని కళ్ళలోనే తెలిసిపోయింది. ఇద్దరం కాసేపు వేరే సంగతులు మాట్లాడుకున్నాం.

తెలుగు చదివేవాళ్ళు తగ్గిపోయారని సభలలో అంటుంటారు, పత్రికలలో రాస్తుంటారు. నాకు ఆ మాట నమ్మబుద్ధి కాదు. పోస్టు కట్టలు మోసినదాన్ని, వాళ్ళు ఏయే ఊళ్ళలో ఉన్నారో నాకు తెలుసు. మిల్లు షిఫ్టు దిగి వచ్చి ఒకరు, వంటిల్లు సర్దుకుని ఒకరు, పడక్కుర్చీలో ఒకరు, ఇప్పటికీ ఎక్కడెక్కడో కూర్చుని చదువుకుంటూనే ఉంటారు. నచ్చిన చోట ఒక్క క్షణం ఆగి, ఈ మాట ఎవరికైనా చెబుదామని తలెత్తి చూస్తారు. అటూ ఇటూ చూసి, మళ్ళీ తలవంచుకుని పేజీ తిప్పుకుంటారు.